రిపోర్టులో పేరు పడినంత మాత్రాన ఆ జన్యువే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకి ఆరేళ్లు. రెండో ఏడు దాటిన దగ్గర్నుంచి ఫిట్స్ వస్తున్నాయి. మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఇప్పటికీ చిన్న చిన్న వాక్యాలే. మందులు మానకుండా వేస్తున్నాం, అయినా నెలకో రెండు నెలలకో ఒకసారి మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. ఈమధ్య బాబుకి ఎక్సోమ్ పరీక్ష, అంటే జన్యువుల్లో ప్రొటీన్లు తయారు చేయించే భాగాలన్నీ చదివే పరీక్ష, చేయించాం. అందులో జెడ్‌ఏసీఎన్ అనే జన్యువులో ఒక కాపీలో మార్పు ఉందనీ, దాని ప్రాముఖ్యం తేలలేదనీ, అంటే వీయూఎస్ అనీ రాశారు. పక్కనే ‘జింక్‌తో తెరుచుకునే అయాన్ చానల్’ అనీ, కంప్యూటర్ అంచనా ‘హానికరం’ అనీ ఉంది. మా డాక్టర్ గారు దీన్ని పట్టించుకోవద్దని రెండు ముక్కల్లో చెప్పి పంపేశారు. నాకు మనసు ఊరుకోలేదు. నెట్‌లో వెతికితే జెడ్‌ఏసీ1 వల్ల పసిపిల్లలకి షుగర్ వస్తుందని, క్యాన్సర్‌తో కూడా సంబంధం ఉందని కనపడింది. మా ఆడపడుచు రోజుకో 50 మిల్లీగ్రాముల జింక్ మాత్ర వేయమంటోంది. ఒక వీడియోలో మాత్రం జింక్ ఉన్న తిండి పూర్తిగా మాన్పించాలన్నారు. అత్తగారేమో ఇది మా పుట్టింటి వైపు నుంచే వచ్చిందని అంటున్నారు. రెండో బిడ్డ కోసం ఆలోచిస్తున్న సమయంలో ఈ టెన్షన్ పట్టుకుంది. దయచేసి వివరంగా చెప్పండి. (పేరు వేయవద్దని కోరిన ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి చూద్దాం. మిగతా ప్రశ్నలు వారం ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం ఆగదు. ఆ 50 మిల్లీగ్రాముల మాత్ర బాబుకి వేస్తూ ఉంటే ఈ పూట నుంచే ఆపేయండి. ఆరేళ్ల పిల్లలకి రోజుకు కావాల్సిన జింక్ సుమారు 5 మిల్లీగ్రాములు. అమెరికా పోషకాహార ప్రమాణాల్లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వయసుకి పెట్టిన గరిష్ఠ హద్దు 12 మిల్లీగ్రాములు, అదీ తిండిలోదీ మాత్రలోదీ కలిపి. పెద్దవాళ్లకే ఆ హద్దు 40. మీ ఆడపడుచు గారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, కాదనను. కానీ ఆ మోతాదు నెలల తరబడి లోపలికి వెళ్తే చేసే పని వేరు.

జింక్ ఎక్కువైతే పేగు గోడ కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది జింక్ కన్నా రాగిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ కణాలు కొన్ని రోజులకి రాలిపోయినప్పుడు, వాటిలో చిక్కుకున్న రాగి కూడా రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. అలా శరీరంలో రాగి తగ్గిపోతే రక్తహీనత వస్తుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, ఇంకా సాగితే వెన్నుపాము దెబ్బతిని నడక తడబడుతుంది. విల్సన్ వ్యాధిలో ఒంట్లో రాగి పేరుకుపోతుంది కాబట్టి అక్కడ ఇదే గుణాన్ని మందుగా వాడుకుంటాం. మీ బాబుకి ఆ జబ్బు లేదు. ఇప్పటికే కొన్ని వారాలు వేసి ఉంటే ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కి చెప్పండి. రక్తంలో రాగి, రక్తకణాల సంఖ్య చూడాలో లేదో వాళ్లు నిర్ణయిస్తారు.

‘మరి విరేచనాలప్పుడు పిల్లలకి జింక్ ఇస్తారుగా’ అని మీకు అనుమానం రావచ్చు. నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకు 20 మిల్లీగ్రాములు ఇమ్మని చాలా ఏళ్లు చెప్పింది. అది 10 నుంచి 14 రోజులతో ముగిసే వైద్యం. విరేచనాల్లో పోయిన జింక్‌ని పూడ్చడానికి ఇస్తారు, ఏళ్ల తరబడి వేయడానికి కాదు.

వీడియోలో చెప్పిన రెండో సలహా దీనికి పూర్తిగా ఎదురు, ప్రమాదంలో మాత్రం తక్కువేమీ కాదు. ఎదిగే పిల్లవాడి తిండిలోంచి జింక్ తీసేస్తే ఎదుగుదల ఆగుతుంది, పుండ్లు మానవు, అంటురోగాలు త్వరగా పట్టుకుంటాయి, ఆకలి, రుచి రెండూ తగ్గుతాయి. మనుషుల్లో జింక్ లోపం ఉంటుందనే మాటనే 1960ల దాకా వైద్యులు పెద్దగా నమ్మలేదు. ఆనంద ప్రసాద్ అనే వైద్యుడు ఇరాన్‌లోనూ ఆ తర్వాత ఈజిప్టులోనూ ఎదుగుదల ఆగిపోయిన కుర్రాళ్లను పరిశీలించి, దాని వెనక జింక్ లేమి ఉందని చూపించాక గానీ వైద్యం కళ్లు తెరవలేదు. కాబట్టి మీ బాబు ఇప్పుడు తింటున్నదే తిననివ్వండి. ఈ రిపోర్టు కోసం ఏదీ పెంచకండి, ఏదీ తగ్గించకండి.

ఇక ఈ జన్యువు సంగతికి వద్దాం. జెడ్‌ఏసీఎన్ 17వ క్రోమోజోమ్ మీద, దాని పొడవు చేయి చివర్లో, 17క్యూ25 అనే చోట ఉంటుంది. 412 అమైనో ఆమ్లాల పొడవున్న ప్రొటీన్‌ని తయారు చేయిస్తుంది. ఆ ప్రొటీన్ కణం పైపొరలో కూర్చుని, సోడియం, పొటాషియం లాంటి ధన విద్యుదావేశం ఉన్న అయాన్లు దాటడానికి దారి ఇస్తుంది. 2003లో డేవిస్, కిర్క్‌నెస్, వాళ్లతో పనిచేసిన మరికొందరు దీన్ని మొదటిసారి వర్ణించారు. నిర్మాణం చూస్తే ఎసిటైల్‌కోలిన్, సెరొటోనిన్, గాబా, గ్లైసిన్ అనే నాడీ రసాయనాలను అందుకునే గ్రాహకాల వంశానికి చెందినదని తెలిసింది. దీన్ని తెరిచింది మాత్రం వీటిలో ఏదీ కాదు, జింక్. అలా దానికి ఆ పేరు స్థిరపడింది.

పేరు పెట్టడంలో కొంచెం తొందరపడ్డారేమో అని నాకు అనిపిస్తుంది. 2016లో కోపెన్‌హాగన్ పరిశోధకులు రాగి అయాన్లూ, ప్రోటాన్లూ, అంటే ఆమ్లత్వమూ, దీన్ని తెరుస్తాయని చూపించారు. అంతేకాదు, ఏమీ కలపకపోయినా ఇది కొంత తెరిచే ఉంటుంది. మామూలు శరీరంలో దీన్ని నిజంగా నడిపేది వీటిలో ఏదన్నది ఇంకా తేలని ప్రశ్న. మీకు దీనితో ఏం పనంటారా? మీ ఇంట్లో జరుగుతున్న ‘జింక్ వేయాలి, జింక్ మానాలి’ అన్న వాదన మొత్తం ఆ పేరులో ఉన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది కాబట్టి చెప్తున్నాను.

లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ప్రయోగశాలలో ఈ చానల్ బాగా తెరుచుకోవడానికి జింక్ వందల మైక్రోమోలార్ల (ద్రవంలో ఒక పదార్థం ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత) స్థాయిలో కావాల్సి వచ్చింది. మన రక్తంలోని ద్రవంలో మొత్తం జింక్ పదిహేను మైక్రోమోలార్లకి అటూ ఇటూగా ఉంటుంది. అందులోనూ దాదాపు అంతా ఆల్బ్యుమిన్ లాంటి ప్రొటీన్లకి అతుక్కుని ఉంటుంది. విడిగా తిరిగే జింక్ అత్యల్పం. మాత్ర వేసి ఈ చానల్‌ని తెరవగలమన్నా, తిండి మాన్పించి మూయగలమన్నా ఆ లెక్కకి కుదరదు. శరీరంలో జింక్ ఒకేచోట ఒక్కసారిగా ఎక్కువగా చేరే ప్రదేశాలు కొన్ని ఉన్న మాట నిజం. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొన్ని నాడీకణాలు తమ సంచుల్లో జింక్‌ని దాచి, సంకేతం పంపేటప్పుడు విడుదల చేస్తాయి. ఆ జింక్ మోతాదుని అక్కడి రవాణా ప్రొటీన్లు చూసుకుంటాయి, మనం మింగే మాత్ర కాదు.

హిప్పోక్యాంపస్ మాట రాగానే మీకు గుండె ఝల్లుమని ఉంటుంది. ఫిట్స్‌తో బాగా ముడిపడిన భాగం అదే కదా. ఈ జన్యువు పనిచేసే చోట్లలో పిండం మెదడు, వెన్నుపాము, పాంక్రియాస్, మావితో పాటు పెద్దవాళ్ల హిప్పోక్యాంపస్ కూడా ఉందని పరిశోధనలు చెప్పాయి. దీని బంధువుల చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. ఎసిటైల్‌కోలిన్‌ని అందుకునే నికోటినిక్ గ్రాహకం జన్యువు సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ4లో మార్పు నిద్రలో వచ్చే ఒక రకం ఫిట్స్‌కి కారణమని 1995లో తేలింది. గాబా గ్రాహకాల జన్యువుల్లో మార్పులు పిల్లల్లో పలురకాల ఫిట్స్‌ని తెస్తాయి. గ్లైసిన్ గ్రాహకం జన్యువు దెబ్బతింటే పసివాళ్లు చిన్న శబ్దానికే ఉలిక్కిపడి కర్రలా బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. ఇన్ని ముక్కలు చేతిలో ఉంటే ఎవరైనా చక్కని కథ అల్లేయగలరు. మెదడులో ఉంది, జింక్ కూడా అక్కడే ఉంది, బంధువులు ఫిట్స్ తెస్తారు, కంప్యూటర్ కూడా హానికరమంది, ఇంకేం కావాలి అని. నన్ను అడిగితే అరగంట ఉపన్యాసం ఇచ్చేయగలను.

కానీ ఒకే ఇంటిపేరున్న వాళ్లలో ఒకడు దొంగైతే మిగతావాళ్లందరినీ స్టేషన్లో కూర్చోబెట్టలేం కదా. ఒక జన్యువు జబ్బుకి కారణమని చెప్పాలంటే వైద్యశాస్త్రం అడిగే సాక్ష్యం వేరే ఉంటుంది. ఒకదానికొకటి సంబంధం లేని చాలా కుటుంబాల్లో, ఒకే రకం లక్షణాలున్న పిల్లల్లో, అదే జన్యువులో మార్పులు కనపడాలి. ఆ మార్పు కుటుంబంలో జబ్బుతో పాటే నడవాలి, ఆరోగ్యంగా ఉన్న జనంలో అంత తేలిగ్గా కనపడకూడదు. ప్రయోగశాలలో ఆ మార్పు వల్ల ప్రొటీన్ పని నిజంగా చెడిందని చూపించాలి. జెడ్‌ఏసీఎన్ విషయంలో ఈ సాక్ష్యం పోగుపడలేదు. దీన్ని ఏ వారసత్వ జబ్బుకూ స్థిరపడిన కారణంగా వైద్యులు లెక్కించడం లేదు, ఫిట్స్‌కి అసలే లేదు.

కనుక్కుని ఇరవై ఏళ్లు దాటినా ఇంత తక్కువ తెలియడానికి ఒక విచిత్రమైన కారణం ఉంది. మామూలుగా ఒక జన్యువు ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఎలుకలో దాన్ని తీసేసి, ఆ ఎలుకకి ఏమవుతుందో చూస్తారు. ఎలుకల్లోనూ చుంచెలుకల్లోనూ ఈ జన్యువే లేదు. మనిషిలో ఉంది, కుక్కలో ఉంది, వాటిలో మాత్రం పరిణామ క్రమంలో పోయింది. తీసేయడానికి ఏదీ లేనిచోట ప్రయోగం ఏం చేస్తారు? అందుకే ఎక్కువ పని కప్ప గుడ్లలోనూ, పెంచిన కణాల్లోనూ జరిగింది. ఈ చానల్‌ని ప్రత్యేకంగా అడ్డుకునే రసాయనాలు 2021లో గానీ రాలేదు. అవి పరిశోధనకి వాడే పనిముట్లు మాత్రమే, మందులు కావు.

కంప్యూటర్ రాసిన ‘హానికరం’ అన్న మాట సంగతి. ఆ ప్రోగ్రాములు చూసేది ఒక అమైనో ఆమ్లం స్థానంలో ఇంకొకటి వస్తే ప్రొటీన్ ఆకారానికి తేడా రావచ్చా, పరిణామంలో ఆ చోటు మారకుండా ఉందా అని. పిల్లవాడికి జబ్బుందా లేదా అన్నది వాటికి కనపడదు. ఒక ప్రొటీన్ చెడడం వేరు, మనిషికి జబ్బు చేయడం వేరు. ఎవరి ఎక్సోమ్ పరీక్ష చేసినా ఇరవై వేలకి పైగా తేడాలు బయటపడతాయి. ఏ జబ్బూ లేని మనిషిలో కూడా పూర్తిగా పని చెడగొట్టే మార్పులు సుమారు వంద ఉంటాయనీ, ఇరవై దాకా జన్యువులు రెండు కాపీలూ పనిచేయకుండానే ఉంటాయనీ 2012లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. నాలోనూ ఉంటాయి, మీ అత్తగారిలోనూ ఉంటాయి.

వీయూఎస్ అన్నది ఐదు మెట్ల వర్గీకరణలో మధ్య మెట్టు. జబ్బు తెచ్చేది, బహుశా తెచ్చేది, తేలనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. 2015 నుంచి అమెరికా వైద్య జన్యుశాస్త్ర కళాశాల మార్గదర్శకాలనే చాలా దేశాల ల్యాబ్‌లు పాటిస్తున్నాయి. మధ్య మెట్టు మీదున్న మార్పుని ఆధారంగా చేసుకుని వైద్య నిర్ణయాలు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. మీ బాబు విషయంలో మార్పే కాదు, జన్యువుకి జబ్బుతో సంబంధమే తేలలేదు. అంటే అనుమానం ఒక అంతస్తు కాదు, రెండంతస్తులు. చాలా ల్యాబ్‌లు ఇలాంటివి రిపోర్టులో ముందు పేజీలో వేయవు, వేయకూడదని నా అభిప్రాయం కూడా. తల్లిదండ్రుల చేతిలో ఆ కాగితం ఏం చేస్తుందో మీ ఉత్తరమే చెబుతోంది.

నెట్‌లో మీరు చదివిన షుగర్, క్యాన్సర్ సంగతి అసలు ఈ జన్యువుది కాదు. అక్కడ కనపడిన జెడ్‌ఏసీ1 పేరు రెండు వేర్వేరు జన్యువులకి పాత కాలం నుంచి వాడుకలో ఉంది. ఒకటి మీ రిపోర్టులోది, 17వ క్రోమోజోమ్ మీదిది. ఇంకోదాన్ని ఇప్పుడు పీఎల్‌ఏజీఎల్1 అంటారు. అది 6వ క్రోమోజోమ్ మీద, 6క్యూ24 దగ్గర ఉంటుంది. అది అయాన్ చానల్ కాదు, ఇతర జన్యువుల పనిని నియంత్రించే ప్రొటీన్‌ని తయారు చేయిస్తుంది. అది మోతాదుకి మించి పనిచేస్తే పుట్టిన కొద్ది రోజుల్లోనే షుగర్ వచ్చి, సాధారణంగా మొదటి ఏడాదిన్నర లోపు తగ్గిపోయే జబ్బు కనపడుతుంది. క్యాన్సర్ పరిశోధనల్లో చర్చకి వచ్చేది కూడా అదే. మీ బాబుకి ఆరేళ్లు, మార్పు ఉన్నది వేరే క్రోమోజోమ్‌లో. ఆ భయం ఇక్కడితో వదిలేయండి. ఇకమీదట ఏదైనా వెతికితే పొట్టి పేరుతో కాక, రిపోర్టులో ఉన్న పూర్తి పేరు, క్రోమోజోమ్ నంబరు రెండూ సరిపోలాయో లేదో చూసుకుని చదవండి.

జింక్‌కీ జన్యువుకీ నిజంగా ముడి ఉన్న జబ్బు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఎస్‌ఎల్‌సీ39ఏ4 అనే జన్యువు పేగులోంచి జింక్‌ని లోపలికి తీసుకునే ప్రొటీన్‌ది. రెండు కాపీలూ చెడితే పసివాడికి నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, చేతులకీ కాళ్లకీ పుండ్లు వస్తాయి, విరేచనాలవుతాయి, జుట్టు రాలిపోతుంది. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. జింక్ ఇస్తే కొద్ది రోజుల్లోనే చర్మం మారిపోవడం కళ్లారా కనిపిస్తుంది, జీవితాంతం వాడుకోవాలి. అక్కడ జింక్ మందు. మీ బాబు కథలో ఆ లక్షణాలేవీ లేవు.

ఇప్పుడు మీ డాక్టర్ గారు చెప్పిన రెండు ముక్కలకి వద్దాం. దీన్ని పట్టించుకోవద్దన్న మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ అక్కడితో ఆగిపోతే ఒప్పుకోను. నా భయమల్లా ఏమిటంటే, ‘జన్యు పరీక్ష అయింది, ఏదో జన్యువు దొరికింది’ అన్న భావంతో ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ వెతకడం ఆగిపోవడం. మందులు వాడుతున్నా ఫిట్స్ ఆగని, మాట వెనకబడిన ఆరేళ్ల పిల్లవాడికి కారణం ఇంకా దొరకలేదు. రిపోర్టులో ఉన్న ఈ ఒక్క పేరు ఆ ఖాళీని నింపినట్టు కనపడుతోంది, నింపలేదు.

వెతకడం వల్ల ఏం లాభం అంటారేమో. కొన్ని కారణాలు దొరికితే మందే మారిపోతుంది. ఎస్‌సీఎన్1ఏ జన్యువు వల్ల వచ్చే ఫిట్స్‌లో కార్బమాజెపిన్ లాంటి మందులు మేలు చేయకపోగా ఫిట్స్‌ని పెంచుతాయి. పీఓఎల్‌జీ జన్యువులో లోపం ఉన్న పిల్లలకి వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు ఇస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. మెదడుకి గ్లూకోజ్ సరిగా అందని గ్లట్1 లోపంలో కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం వైద్యుల పర్యవేక్షణలో ఇస్తే ఫిట్స్ బాగా అదుపులోకి రావచ్చు. వెన్నులోంచి తీసిన ద్రవంలో గ్లూకోజ్ కొలిచి దాన్ని పట్టుకోవచ్చు. బీ6 విటమిన్‌కి మాత్రమే లొంగే ఫిట్స్ ఒక రకం ఉంది. ఎక్కువగా నవజాత శిశువుల్లో వస్తుంది, అరుదుగా మూడేళ్ల దాకా కూడా మొదలవ్వచ్చు. మీ బాబుకి వీటిలో ఏదో ఒకటి ఉందని నేను అనడం లేదు. ఇవి ఉన్నాయో లేవో చూశారా అని అడగమంటున్నాను. ఈ మాటలు చదివి ఇప్పుడు వాడుతున్న మందుని మీకు మీరే ఆపకండి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే అదే పెద్ద ప్రమాదం.

అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు కేవలం రిపోర్టు కాక, ఫిట్స్ వచ్చినప్పుడు తీసిన వీడియోలు, అవి ఏ వేళకి వస్తున్నాయో, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువా, జ్వరంలో ఎక్కువా, నిద్రలోనా మెలకువలోనా అన్న వివరాలు రాసుకుని తీసుకెళ్లండి. జన్యు నిపుణులకి ఇవి చాలా పనికొస్తాయి, చెప్పాలంటే జన్యువుల పేర్ల కన్నా ఎక్కువగా. ఒక ప్రశ్న మాత్రం మీకు మీరే జాగ్రత్తగా వేసుకోండి. బాబుకి వచ్చిన మాటలు, నడక, చేతి పనులు అలాగే ఉన్నాయా, లేక ముందు చేసినవి ఇప్పుడు చేయలేకపోతున్నాడా? వెనక్కి పోతున్నాడనిపిస్తే తదుపరి తేదీ దాకా ఆగకండి. అలాంటి కొన్ని జబ్బులకి ఎంజైమ్ పరీక్షలున్నాయి, కొన్నింటికి వైద్యం కూడా ఉంది, దాన్ని ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఉపయోగం.

పరీక్షల వరకు అడగాల్సిన ముఖ్యమైన మాట రీఅనాలిసిస్. ఎక్సోమ్ పరీక్ష సమాచారం ల్యాబ్‌లో ఉంటుంది. ఏడాది, రెండేళ్ల తర్వాత అదే సమాచారాన్ని కొత్త పరిజ్ఞానంతో మళ్లీ చూస్తే మొదట దొరకని కారణం కొందరిలో దొరుకుతోంది, ఎందుకంటే జబ్బులు తెచ్చే కొత్త జన్యువులు ఏటా గుర్తింపు పొందుతున్నాయి. మళ్లీ రక్తం తీయాల్సిన పని ఉండకపోవచ్చు. రెండోది, ఎక్సోమ్‌కి సరిగా కనపడనివి ఏమిటో అడగండి. క్రోమోజోమ్ ముక్కలు కొన్ని తగ్గడం, పెరగడం చూడటానికి మైక్రోఅరే అనే పరీక్ష మంచిది. మాట ఆలస్యమైన మగపిల్లల్లో తప్పక చూడాల్సిన ఫ్రాజైల్ ఎక్స్ (ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు చెడి ఎదుగుదల వెనకబడే జబ్బు) ఎక్సోమ్‌లో మామూలుగా దొరకదు, దానికి విడిగా పరీక్ష ఉంది. ఇవి ముందే చేసి ఉంటే మంచిదే, చేయకపోతే ఎందుకు చేయలేదో అడిగే హక్కు మీకుంది.

మూడోది మీ ఇద్దరి రక్తం. బాబుది ఒక్కడిదే పరీక్ష చేశారని రాశారు. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురివీ కలిపి చూస్తే వేల తేడాల్లోంచి అసలువాటిని ఏరడం చాలా తేలికవుతుంది. జెడ్‌ఏసీఎన్ మార్పు మీలో ఒకరికి ఉండి, వాళ్లకి ఫిట్స్ లేకపోతే అది కారణం కాదన్న వాదన ఇంకా బలపడుతుంది. మీ ఇద్దరికీ లేకుండా బాబులోనే కొత్తగా వచ్చి ఉన్నా, అంతమాత్రాన దోషి అయిపోదు. ప్రతి బిడ్డా అరవై, డెబ్భై కొత్త మార్పులతో పుడుతుంది, వాటిలో ఒకటో రెండో ప్రొటీన్ తయారీకి సంబంధించిన భాగంలో పడతాయి. ఒకవేళ మార్పు కొత్తదే అని తేలితే, పేరు లేకుండా ఆ వివరాన్ని జీన్‌మ్యాచర్ లాంటి వేదికల్లో పెట్టమని జన్యు నిపుణుల్ని అడగవచ్చు. ఇంకో దేశంలో అదే జన్యువులో మార్పు, అవే లక్షణాలు ఉన్న బిడ్డ ఉంటే వైద్యులు ఒకరినొకరు కలుసుకునే దారి అది.

అత్తగారి మాటకి జవాబు చెప్పడానికి కాదు ఆ రక్తపరీక్ష, ఆ సంగతి ఇంట్లో ముందే స్పష్టం చేసుకోండి. రిజల్ట్ వచ్చాక ‘చూశావా, మీ వైపే’ అనో, ‘కాదు, మీ వైపే’ అనో మొదలైతే పరీక్ష చేయించిన ప్రయోజనం పోయి గొడవే మిగులుతుంది. ఏ వైపు నుంచి వచ్చినా అది ఎవరూ ఎంచుకుని ఇచ్చింది కాదు, పైగా ఈ మార్పు బాబు ఫిట్స్‌కి కారణమనే ఆధారమే లేదు. వీలైతే జన్యు కౌన్సెలింగ్‌కి మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లండి. ఈ మాట ఇంటి పెద్దలకి కోడలు చెప్తే ఒకలా, కొడుకు చెప్తే ఇంకోలా వినపడటం మనకి తెలియనిది కాదు.

రెండో బిడ్డ గురించి. ఈ జెడ్‌ఏసీఎన్ మార్పు ఉందా అని కడుపులో బిడ్డకి పరీక్ష చేయించమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అర్థం తెలియని మార్పు కోసం ఉమ్మనీరు తీసి పరీక్ష చేయడంలో కొద్దిపాటి గర్భస్రావ ప్రమాదం ఉంది, వచ్చే జవాబుతో చేయగలిగింది ఏమీ లేదు. అసలు కారణం ఏమిటన్నదాన్ని బట్టే తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం మారుతుంది. బాబులో కొత్తగా వచ్చిన మార్పు అయితే మళ్లీ రావడం అరుదు. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ చెరో చెడ్డ కాపీ వచ్చి ఉంటే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు. కారణం ఎంతకీ దొరకకపోతే, ఇలాంటి కుటుంబాల అనుభవం మీద ఆధారపడి కౌన్సెలర్ ఒక అంచనా చెప్తారు.

అందుకే ముగ్గురి పరీక్ష, రీఅనాలిసిస్ గర్భం రాకముందే చేయించుకుంటే మంచిది. రిపోర్టులకి నెలలు పట్టవచ్చు, గర్భం వచ్చాక మొదలుపెడితే ఆలోచించుకునే సమయం చాలదు. అప్పటివరకు ఆగితేనే మంచిదా, అక్కర్లేదా అన్నది మీ వయసు, మీ ఆరోగ్యం చూసి మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఒక నెల ముందే మొదలుపెట్టాలి. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. మీరు స్వయంగా ఏవైనా ఫిట్స్ మందులు వాడుతుంటే మోతాదు వేరుగా ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి.